ఇనప తెరచాప దించేశాక

తెరచాప పడవల్లో డీజిల్ ఇంజన్లు పనిచేసి చావవు, పనిలేక చస్తాయి. ఏడాదికి యాభై అరవై గంటలు తిరుగుతాయి. అదీ రేవులోంచి బయటికి పది నిమిషాలు, తిరిగి లోపలికి పది నిమిషాలు. ఇంజను ఒళ్లు వేడెక్కేలోపే ఆపేస్తారు. పొగగొట్టం మలుపులో మసి పేరుకుంటుంది. చల్లబరచడానికి తోడే ఉప్పునీళ్లు లోపలి గొట్టాలను తినేస్తాయి. కదలకుండా పడి ఉన్న ట్యాంకు అడుగున చెమ్మ చేరి, అందులో సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లను మూసేస్తాయి. ముప్పై నలభై ఏళ్లు ఇలా గడిచాక ఒకనాడు, సరిగ్గా గాలి పడిపోయిన వేళ, ఇంజను మొరాయిస్తుంది. అప్పుడు యజమానికి మూడు దారులు: ఉన్నదాన్ని విప్పి బాగుచేయించడం, కొత్త డీజిల్ కొనడం, లేదంటే దాన్ని ఎత్తి గట్టున పెట్టి ఆ చోట కరెంటు మోటారు బిగించడం.

ఈ మూడో దారి మీద అమెరికా, యూరప్ రేవుల్లో వాదన చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఒక పక్షం దాన్ని విముక్తి అంటుంది: పొగ లేదు, చప్పుడు లేదు, నూనె మార్చే పని లేదు. రెండో పక్షం ఆత్మహత్య అంటుంది: నడిసముద్రంలో చార్జింగ్ ఎక్కడ దొరుకుతుంది? నాకు కనిపించినంతలో ఇద్దరూ మోటారు గురించే పోట్లాడుకుంటున్నారు. మోటారు సంగతి ఏనాడో తేలిపోయింది. తేలనిది ట్యాంకు సంగతి. ఈ వాదనలో చిక్కులన్నీ అక్కడినుంచే పుడతాయి.

మోటారు ఎంత పాతదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1838లో మోరిట్జ్ యాకోబీ రష్యా చక్రవర్తి ఇచ్చిన డబ్బుతో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని నేవా నదిలో డజను మంది ఎక్కిన పడవను బ్యాటరీలతో నడిపాడు. అప్పటికి రుడాల్ఫ్ డీజిల్ పుట్టనే లేదు. 1881లో గుస్తావ్ ట్రూవే పారిస్‌లో సేన్ నది మీద, చుక్కానితో కలిపి వెనక తగిలించే మోటారుతో పడవ నడిపి చూపించాడు. 1880లు, 90లలో థేమ్స్ నదిలో కరెంటు పడవల దండు తిరిగేది, వాటికోసం చార్జింగ్ కేంద్రాలు ఉండేవి. 1893 షికాగో ప్రదర్శనలో యాభైకి పైగా కరెంటు లాంచీలు పది లక్షల మందికి పైగా జనాన్ని తిప్పాయి. ఆ తర్వాత పెట్రోలు వచ్చి వాటన్నిటినీ పక్కకు నెట్టేసింది. మోటారులో లోపం ఉండి కాదు. సీసం బ్యాటరీ బరువుతో పెట్రోలు డబ్బా తూగలేదు, తూగనక్కర్లేదు కూడా.

ఇంకో మాట మరచిపోతుంటాం. డీజిల్ కూడా ఒకనాటి మార్పిడే. 1947 నుంచి 1984 దాకా అమెరికాలో తయారైన ‘అటామిక్ 4’ అనే పెట్రోలు ఇంజను వేల పడవల్లో ఉండేది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది పడవ అడుగున చేరి, ఒక్క నిప్పురవ్వ తగిలితే పేలిపోయేది. ఆ భయంతోనే జనం డీజిల్‌కు మారారు. యన్మార్ కంపెనీ 1933లోనే చిన్న డీజిల్ ఇంజను చేయగలిగింది కాబట్టి ఆ మార్పు పడవలకు అందుబాటులోకొచ్చింది. అప్పుడు కూడా బరువెక్కువ, అదురెక్కువ, కంపెక్కువ అని సణిగినవాళ్లు ఉండే ఉంటారు.

ఇక లెక్కలోకి దిగుదాం. ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ అంటాం కదా, ఆ యూనిట్లలోనే చెబుతాను. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. పడవల చిన్న ఇంజను అందులో నాలుగోవంతే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు చేరుస్తుంది, మిగతాది వేడిగా సముద్రంలోకి పోతుంది. అయినా 100 లీటర్ల ట్యాంకు అంటే షాఫ్ట్ దగ్గర 250 యూనిట్లు. కరెంటు మోటారు తనకిచ్చిన దానిలో పదింట తొమ్మిది వంతులు పనిలో పెడుతుంది, దుబారా లేని మనిషి. కానీ అదే 250 యూనిట్ల పని చేయించాలంటే దాదాపు 280 యూనిట్ల లిథియం బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీ బరువు రెండున్నర టన్నులు దాటుతుంది. 30 అడుగుల పడవ మొత్తం బరువే నాలుగైదు టన్నులు.

అందుకే ఇలా మారినవాళ్లలో చాలామంది 10 యూనిట్ల బ్యాటరీతో సరిపెట్టుకుంటారు. అది దాదాపు వంద కిలోలు. తీసేసిన డీజిల్ ఇంజను కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. రెండు సిలిండర్ల యన్మార్ 2జీఎం20 అయితే వంద కిలోలకు కాస్త పైనే. తూకం కుదిరింది, శక్తి మాత్రం పాతికవంతు కన్నా తగ్గిపోయింది. ఈ పాతికవంతుతో బతకడం ఎలాగన్నదే అసలు విషయం.

బతకవచ్చుననడానికి ఆధారం నీళ్లలోనే ఉంది. 1870లలో విలియం ఫ్రూడ్ ఇంగ్లండ్‌లోని టార్కీలో ఓ పొడవాటి తొట్టి కట్టించి, అందులో పడవల నమూనాలను లాగి కొలిచాడు. పడవ తన ముందు ఒక అల, వెనక ఒక అల లేపుతూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగుతుంది. అల పొడవు పడవ నీటిగీత పొడవుకు సమానమైందంటే, ఇక పడవ తాను లేపిన అల మీదికి తానే ఎక్కాలి. దానికి సూత్రం చిన్నదే: నీటిగీత పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గరిష్ఠ వేగం నాట్లలో, అంటే గంటకు నాటికల్ మైళ్లలో, వస్తుంది. 25 అడుగుల నీటిగీతకు 6.7 నాట్లు. ఆ అంచుకు చేరువయ్యేకొద్దీ ప్రతి అర నాటుకూ శక్తి ఖర్చు ఎగబాకుతుంది.

నిశ్చలమైన నీళ్లలో, అడుగుభాగం శుభ్రంగా ఉన్న నాలుగున్నర టన్నుల పడవకు 3 నాట్ల వేగానికి ఒక కిలోవాట్, అంటే గంటకు ఒక యూనిట్, సరిపోతుంది. 4 నాట్లకు రెండు లోపు. 5 నాట్లకు మూడున్నర, నాలుగు. 6 నాట్లకు ఏడెనిమిది. 10 యూనిట్ల బ్యాటరీలో అడుగంటా వాడకుండా ఎనిమిదిన్నర వాడుకుంటే, 6 నాట్లతో ఏడు మైళ్లు పోతారు, 5 నాట్లతో పదకొండు, పన్నెండు, 3 నాట్లతో పాతిక. ఇక్కడ మైలంటే నాటికల్ మైలు. ఒకే పడవ, ఒకే బ్యాటరీ, అయినా చేరే దూరం మూడున్నర రెట్లు మారింది. డీజిల్‌లో ఈ తేడా ఉన్నా ఎవరికీ కనిపించదు. ట్యాంకు పెద్దది కాబట్టి వేగం గుబ్బ నొక్కి టీ తాగుతూ కూర్చుంటారు. కరెంటుకు మారినవాడు మాత్రం అంకెలు చూస్తూ కూర్చుంటాడు. ఎదురుగాలి, ఎదురు అల వచ్చాయా, పై లెక్కలు సగానికి పడిపోతాయి. ఇది అమ్మేవాళ్ల కాగితాల మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అమ్మేవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక అతిశయోక్తిని కూడా చూడాలి. ఒక కిలోవాట్ కరెంటు మూడు హార్స్‌పవర్ల డీజిల్‌తో సమానమని కొందరు ప్రచారం చేస్తుంటారు. హార్స్‌పవర్ అంటే 0.746 కిలోవాట్, అంతే. ప్రొపెల్లర్‌కు తనను తిప్పేది నూనా, కరెంటా అన్నది తెలియదు. ఆ మాటలో నిజం పాలు లేకపోలేదు. 20 హార్స్‌పవర్ల డీజిల్ ఆ శక్తిని నిమిషానికి 3,600 చుట్ల దగ్గర మాత్రమే ఇస్తుంది, ఆ గోలను భరిస్తూ అక్కడ ఎవరూ నడపరు. కరెంటు మోటారు నిలిచిన చోటునుంచే పూర్తి మెలితిప్పు బలాన్ని ఇస్తుంది కాబట్టి పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పగలదు, నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ ఎప్పుడూ నీటిని బాగా తోస్తుంది. అందుకే మోటారు మార్చి పాత ప్రొపెల్లర్ ఉంచేస్తే సగం లాభం సముద్రం పాలే. చాలామంది చేసేదీ అదే. పడవను నీళ్లలోంచి ఎత్తించే ఖర్చు మిగుల్చుకుంటారు, తర్వాత మోటారును తిట్టుకుంటారు.

ఈ చిన్న పడవల మోటార్ల కథలో మన దేశం పేరు కూడా కలుస్తుంది. పళ్లెంలా చదునుగా ఉండే మోటారును రూపొందించిన ఇంగ్లీషు మెకానిక్కు సెడ్రిక్ లించ్ అగ్ని మోటార్స్‌తో చేయి కలిపాడు. ఆ మోటార్లు గుజరాత్‌లో తయారయ్యేవి. అగ్ని జట్టు బైకు 2009లో ఐల్ ఆఫ్ మ్యాన్ కరెంటు బైకుల పందెం గెలిచింది. పాతకాలపు పడవల మార్పిడిలో ఎన్నింటిలోనో లించ్ తరహా మోటార్లే ఉన్నాయి. ఆ తర్వాత పెద్ద చేతులు వచ్చాయి. 2005లో జర్మనీలో మొదలైన టార్కీడోను 2017లో డాయిట్జ్ ఇంజన్ల సంస్థ కొంది, 2024లో యమహా కొంది. ఫిన్లాండ్‌కు చెందిన ఓషన్‌వోల్ట్ తెరచాప పడవలకు తగిన మోటార్లు చేస్తూ వచ్చింది.

బ్యాటరీలో అసలు మలుపు 1997లో వచ్చింది. టెక్సస్‌లో జాన్ గుడెనఫ్ ప్రయోగశాలలో అక్షయ పాఢి, నంజుండస్వామి తదితరులు ఐరన్ ఫాస్ఫేట్‌ను లిథియం బ్యాటరీలో వాడవచ్చని ప్రకటించారు. ఫోన్లలో, చాలా కార్లలో ఉండే నికెల్, కోబాల్ట్ రకంతో పోలిస్తే ఇది కాస్త బరువు, కానీ నిప్పుకు అంత త్వరగా లొంగదు, వేలసార్లు నింపి ఖాళీ చేసినా చెక్కుచెదరదు. ఒడ్డుకు దూరంగా, దిగిపోయే దారి లేనిచోట మంటకు భయపడే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? పడవల్లో ఇవాళ దాదాపు అందరూ దీన్నే పెడుతున్నారు. ధర కూడా దిగొచ్చింది. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ లెక్కలో 2024లో లిథియం బ్యాటరీ సగటు ధర యూనిట్‌కు 115 డాలర్లు. పడవల దుకాణంలో డబ్బాలో పెట్టి అమ్మితే దానికి కొన్ని రెట్లు పడుతుంది, అది వేరే కథ.

బిగింపులో తెలివితక్కువతనానికి చోటు లేదు. 48 వోల్టులే కదా, షాక్ కొట్టదు అనుకుంటారు. షాక్ కొట్టకపోవచ్చు. కానీ 10 కిలోవాట్లు 48 వోల్టుల మీద తీయాలంటే 200 ఆంపియర్లకు పైనే పారాలి. బొటనవేలంత తీగలు కావాలి, ప్రతి బిగింపూ గట్టిగా ఉండాలి, షార్ట్ అయినప్పుడు వేల ఆంపియర్లను తెంచగల ఫ్యూజు కావాలి. ఒక పానా జారి రెండు కొసల మీద పడితే అది వెల్డింగ్ కడ్డీ అయిపోతుంది. పైగా ఉప్పుగాలి ప్రతి రాగి కొసనూ పచ్చగా కొరుక్కుతింటూనే ఉంటుంది. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ 2022లో లిథియం బ్యాటరీలకు ఈ-13 అనే ప్రమాణాన్ని తెచ్చింది. బీమా కంపెనీలు ఇప్పుడు దాన్ని అడుగుతున్నాయి. ఇంట్లో తయారు చేసుకున్న బ్యాటరీ పెట్టె ఎంత చక్కగా ఉన్నా, బీమా మనిషి ముఖం చిట్లిస్తాడు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది బ్యాటరీకి కాపలా కాసే ఎలక్ట్రానిక్ పలక. వోల్టేజీ గీత దాటితే అది బ్యాటరీని కాపాడడానికి ఠక్కున తెంచేస్తుంది. బ్యాటరీ క్షేమం దాని ధర్మం, పడవ క్షేమం కాదు. డీజిల్ చనిపోయే ముందు దగ్గుతుంది, పొగ రంగు మారుతుంది, చెవి ఉన్నవాడికి కబురందుతుంది. ఇది అలా కాదు, లైటు ఆర్పినట్టు ఆగిపోతుంది. గాలి మిమ్మల్ని రాళ్లకేసి తోస్తున్న నిమిషంలో ఆ తేడా చిన్నదేమీ కాదు. అందుకే జాగ్రత్తపరులు బ్యాటరీని రెండు వేర్వేరు భాగాలుగా పెడతారు, ఒకటి తెగినా రెండోది పలుకుతుంది. లంగరు కూడా విసరడానికి సిద్ధంగా ఉంచుతారు. ఆ మాటకొస్తే డీజిల్ పడవలో కూడా అదే చేయాలి.

తెరచాప మీద పోతుంటే ప్రొపెల్లర్ తిరిగి బ్యాటరీని నింపుతుంది కదా అని చాలామంది అడుగుతారు. నింపుతుంది, చెంచాతో. 5 నాట్ల దగ్గర సాధారణ ప్రొపెల్లర్ ఓ వంద వాట్లు ఇస్తే గొప్ప. రోజంతా పరుగెత్తితే రెండున్నర యూనిట్లు. 8 నాట్లు పోయే పొడవాటి పడవకు, రెక్కల కోణం మార్చుకునే ఖరీదైన ప్రొపెల్లర్‌తో కిలోవాట్ వరకు రావచ్చు. అంటే మోటారు అవసరం తక్కువున్న పెద్ద పడవకే ఇది ఎక్కువ ఇస్తుంది, నెమ్మదిగా పోయే చిన్న పడవకు దాదాపు ఏమీ ఇవ్వదు. ఇచ్చినా వేగంలోంచి కోసుకునే ఇస్తుంది. సౌర పలకలది దీనికన్నా నమ్మదగిన ఆదాయం. 35 అడుగుల పడవ మీద 500 వాట్ల పలకలు పడతాయి, మంచి ఎండలో రోజుకు రెండు యూనిట్లు వస్తాయి. అంటే 5 నాట్లతో అరగంట ప్రయాణం. లంగరు వేసి వారం రోజులు ఒకచోట ఉండేవాడికి అది ఐశ్వర్యం. రేపు సాయంత్రానికి ఇంకో ఊరు చేరాలనుకునేవాడికి చిల్లర.

మహాసముద్రం దాటేవాళ్ల సంగతి మరోరకం. 2017–18లో భారత నౌకాదళపు తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు మహిళా నావికాధికారులు 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. అంత దూరం తెరచాపల బలంతోనే. ఆ స్థాయి ప్రయాణంలో ట్యాంకు 100 లీటర్లా 300 లీటర్లా అన్నది దాదాపు అప్రస్తుతం, ఏ ట్యాంకూ దక్షిణ మహాసముద్రానికి చాలదు. అసలు ఇంజనే లేకుండా లిన్, లారీ పార్డీ దంపతులు 24 అడుగుల సెరాఫిన్, ఆ తర్వాత 30 అడుగుల లోపు టాలీసిన్ పడవల్లో ప్రపంచాన్ని చుట్టారు. ‘ఉమ’ అని పేరు పెట్టుకున్న ఓ పాత పియర్సన్ 36ను ఒక యువజంట కరెంటుకు మార్చుకుని ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దాకా వెళ్లారు. వీళ్లందరికీ ఉన్నది ఒకటే: గాలి కోసం ఆగే ఓపిక. సోమవారం ఆఫీసు ఉన్నవాడికి అది ఉండదు, ఉండకపోవడం తప్పూ కాదు. శని, ఆదివారాల నావికుడికే పెద్ద ట్యాంకు ఎక్కువ అవసరమనే వింత ఇక్కడ తేలుతుంది.

ఈ ఇరకాటానికి విరుగుడుగా కొందరు కరెంటు మోటారుతోపాటు చిన్న డీజిల్ జనరేటరు పెట్టుకుంటారు. వీధిగుమ్మంలోంచి పంపించేసిన చుట్టాన్ని దొడ్డిగుమ్మంలోంచి పిలిచినట్టు. డీజిల్ కరెంటై, కరెంటు బ్యాటరీకి చేరి, అక్కడినుంచి మోటారుకు వెళ్లేసరికి కొంత శక్తి దారిలోనే ఆవిరవుతుంది, ఇంజను బాధలూ తప్పవు. అయినా నేను దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఏడాదికి నాలుగుసార్లు దూరం పోయి, మిగతా రోజులు రేవు చుట్టూ తిరిగేవాడికి ఆ నాలుగుసార్ల ధైర్యం కోసం అది పనికొస్తుంది. జనరేటరు కనీసం సరైన బరువు మీద, సరైన వేగంతో తిరుగుతుంది కాబట్టి మసి పట్టదు.

పర్యావరణం మాటకొస్తే నిక్కచ్చిగా లెక్క వేయాలి. 60 గంటలు, గంటకు రెండు లీటర్లు, అంటే ఏడాదికి 120 లీటర్ల డీజిల్. లీటరుకు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 320 కిలోలు. 10 యూనిట్ల బ్యాటరీ తయారీకే 600 నుంచి 1,000 కిలోల దాకా వెలువడుతుంది. నార్వేలాగా జలవిద్యుత్తుతో నింపుకుంటే రెండు మూడేళ్లలో ఆ బాకీ తీరుతుంది. బొగ్గు పాలు ఎక్కువగా ఉన్న మన దేశపు గ్రిడ్ కరెంటులో యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు ఉంటుంది. ఆ కరెంటుతో ఏడాదికి 350 యూనిట్లు నింపితే 245 కిలోలు. మిగిలేది ఏడాదికి 75 కిలోలే, బాకీ తీరడానికి పదేళ్లకు అటూ ఇటూ. పడవ పరిశ్రమల సంఘం ఐకోమియా కోసం రికార్డో సంస్థ 2023లో చేసిన అధ్యయనం కూడా ఇలాంటి చోటికే వచ్చింది: విహార పడవలు ఏడాదికి వాడే గంటలు చాలా తక్కువ కాబట్టి, వాటిలో చాలావాటికి ఉన్న ఇంజనులోనే శుభ్రమైన ఇంధనం పోయడం మేలు. పొగ లేని రేవు, నూనె తెట్టు లేని నీళ్లు నిజమైన లాభాలే. కానీ ‘భూమిని కాపాడుతున్నాను’ అని చెప్పుకునే ముందు పడవ ఎన్ని గంటలు తిరుగుతుందో చూసుకోవాలి. డబ్బు లెక్క కూడా అంతే. ఏడాదికి 120 లీటర్లు మిగిల్చి ఏ మార్పిడి ఖర్చూ రాబట్టలేం. పాత ఇంజను ఎలాగూ చచ్చి, కొత్త డీజిల్ కొనే ఖర్చు ఎదురైనప్పుడే రెండూ ఒక త్రాసులోకి వస్తాయి.

కరెంటు పడవలు ఎక్కడ నెగ్గాయో చూస్తే కారణం తేటగా కనిపిస్తుంది. బవేరియాలోని కోనిగ్‌సీ సరస్సులో 1909 నుంచి కరెంటు పడవలే తిరుగుతున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ నగరమధ్య కాలువల్లో 2025 నుంచి విహార పడవలు పొగ వదలకూడదు. కేరళలో వైకం, తవణక్కడవు మధ్య 75 మంది ఎక్కే సౌర పడవ ‘ఆదిత్య’ 2017 జనవరి నుంచి నడుస్తోంది. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో కూడా బ్యాటరీ మీద నడుస్తుంది, అయినా జనరేటరును వెంట ఉంచుకుంది. వీటన్నిటికీ రేపు ఎంత దూరం పోవాలో ఇవాళే తెలుసు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నింపుకోవాలో కాగితం మీద రాసి ఉంది. హుస్సేన్ సాగర్‌లో పందాలాడే లేజర్ తరగతి చిన్న తెరచాప పడవలకు ఈ బెడద అసలే లేదు, వాటికి ఇంజనే ఉండదు. గోదావరి లాంచీలకు దారి తెలిసినా ఎదురు ప్రవాహం ఉంది, వరద రోజుకీ వేసవి రోజుకీ లెక్క మారిపోతుంది. అక్కడ బ్యాటరీని వేసవి లెక్కతో కొంటే ఆగస్టులో సరంగు దాన్ని తిడతాడు.

కాబట్టి మారాలనుకునే మనిషికి నేను చెప్పేది మోటారు పేరు కాదు. ఒక సీజన్ అంతా, ఉన్న డీజిల్‌తోనే, ఒక నోట్‌బుక్ పెట్టుకోమంటాను: ఇంజను ఎప్పుడు వేశావు, ఎంతసేపు, ఎన్ని నాట్లు, ఎందుకు. ఆ పేజీల్లో ఎక్కువ వరసలు పది నిమిషాలవే అయితే కరెంటు మోటారు నీ కోసమే పుట్టింది. నాలుగైదు గంటల వరసలు తరచూ కనిపిస్తే, పాత ఇంజనుకు కొత్త గొట్టాలు వేయించుకుని ఊరుకోవడం మేలు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు డీజిల్‌ను తిట్టేవాళ్లు, ఆ నోట్‌బుక్‌లో తమ ప్రాణం నిలబెట్టిన రాత్రులు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టుకోవాలి.

తీసేశాక ఎదురయ్యే చిల్లర విషయాలు ఎవరూ ముందుగా చెప్పరు. ఇంజను వేడితో వచ్చే స్నానం నీళ్లు ఆగిపోతాయి. బరువు సర్దకపోతే పడవ వెనకభాగం కాస్త పైకి లేస్తుంది. డీజిల్ చప్పుడు కింద ఇన్నాళ్లూ దాక్కున్న చప్పుళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి: గేర్ల సన్నటి కూత, షాఫ్ట్ గొట్టం గుణుపు, ఎక్కడో వదులైన మర. వంద కిలోల పాత ఇంజనును క్రేన్‌తో ఎత్తి, విడిభాగాలకు అమ్మేసి, ఆ గుంతను సబ్బుతో మూడుసార్లు కడిగి రంగు వేసినా, ఎండ కాసిన మధ్యాహ్నం పలక ఎత్తితే డీజిల్ వాసన ఇంకా వస్తూనే ఉంటుంది.